రంగు లేదు, వాసన లేదు

ఆ వీధిలో ఖాళీ సీసాను ఎవరూ పారేసేవారు కాదు. నూనె సీసా, మందు సీసా, మంచినీళ్ల సీసా, ఏది ఖాళీ అయినా కడిగి ఆరబెట్టి, గుడ్డ సంచిలో వేసుకుని మలుపు దగ్గరి కొట్టుకు తెచ్చేవారు. అక్కడ బల్ల మీద వరుసగా ఐదు స్టీలు డబ్బాలు, ఒక్కోదానికి ఒక కుళాయి. గిన్నెలకొకటి, బట్టలకొకటి, నేల తుడవడానికొకటి, అద్దాలకొకటి, చివరిది సింకు గొట్టంలో పేరుకున్న జిడ్డు వదిలించడానికి. తెచ్చుకున్న సీసాలోకి కావలసినంత పట్టుకుపోవడమే. కొట్టు నడిపే ఆవిడను వీధంతా సీసాలక్క అనేది. ఆ పేరు ఆవిడకు బిరుదుతో సమానం.

సీసాలక్క పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. చేతిలో ప్లాస్టిక్ సంచితో మెట్టెక్కినవాళ్లను గుడ్డ సంచి కొనేదాకా కదలనిచ్చేది కాదు. కొబ్బరిపీచు, చెక్క దువ్వెనలు, తన చేత్తో చేసిన సబ్బు బిళ్లలు, అన్నీ మట్టిలో కలిసిపోయేవే అమ్మేది. గుమ్మం పైన "విషాలు లేని కొట్టు" అని పెద్ద అక్షరాల బోర్డు. ద్రవాల్లో రంగు వేసేది కాదు, సెంటు కలిపేది కాదు. సీసాల మీద కాగితం కూడా అంటించేది కాదు, రేపు చెత్తలోకి పోయేదానికి అదొక దండగ అని. "రంగు లేదు, వాసన లేదు, మోసం లేదు" అని కొత్తవాళ్లకు చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో గర్వం తొణికేది. ఆ గర్వంలో తప్పేముందని మీరు అడగవచ్చు. ఆ వీధిలోనూ ఎవరికీ తప్పు కనిపించలేదు.

ఐదో డబ్బాలో ఉన్నది కాస్టిక్ సోడా. సబ్బు చేయడానికి ఆవిడ తెచ్చుకునేదే, నీళ్లలో చిక్కగా కలిపి ఉంచేది. కలిపేటప్పుడు మోచేతుల దాకా తొడుగులు వేసుకునేది, కళ్లకు అద్దాలు పెట్టుకునేది. కలిపి తేర్చాక మాత్రం అది అచ్చం మంచినీళ్లలా ఉండేది. "జాగ్రత్తగా వాడండి" అని పట్టుకెళ్లేవాళ్లకు నోటిమాటగా చెప్పేది. కొట్టు రద్దీగా ఉన్నప్పుడు ఆ మాటా మరిచిపోయేది.

ఒక ఉదయం ఇస్త్రీ బాబాయి కోడలు వచ్చింది. ఇస్త్రీ బాబాయిది కొట్టుకు నాలుగిళ్ల అవతల, ఇంటి ముందే ఇస్త్రీ బల్ల. చేతికి ఎంత పనో నోటికి అంతకు రెండింతలు. "చొక్కా మడతలైతే నేను తీస్తాను, మొహం మీద మడతలు మీ ఆవిడతో తీయించుకో నాయనా" అని దారిన పోయేవాళ్లను ఆపి నవ్వించేవాడు. మామయ్య కబుర్లకు మొదట నవ్వేది ఆ కోడలే.

"సింకు పూడుకుపోయిందక్కా" అందామె. "దానికి మంచి సీసా ఏదీ దొరకలేదు. మామయ్య నీళ్ల సీసాలే రెండుంటే ఒకటి పట్టుకొచ్చాను."

సీసాలక్క చేయి కుళాయి మీద ఒక్క క్షణం ఆగింది. నీళ్లు తాగే సీసాలో ఇది పోయడమా అన్న ఆలోచన వచ్చింది. వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు.

"పారేయకుండా తెచ్చావు, అదే పదివేలు" అని తన చేత్తోనే నింపి ఇచ్చింది.

కోడలు ఇంటికి వెళ్లి సగం ద్రవం సింకులో పోసింది. అది నానేలోపు ఇస్త్రీ అయిన బట్టలు ఇచ్చి వద్దామని, మిగతా సగాన్ని కిటికీ గట్టు మీద పెట్టి బయటికి నడిచింది. రోజూ మామయ్యకు మంచినీళ్లు నింపి పెట్టేదీ ఆ గట్టు మీదే. ఎండలోంచి, ఇస్త్రీపెట్టె సెగలోంచి లోపలికి వచ్చిన ముసలాయన సీసా ఎత్తి రెండు గుక్కలు మింగాడు. కోడలు నింపి పెట్టిన నీళ్లను ఎవరు మాత్రం వాసన చూసి తాగుతారు? చూసినా తెలిసేది కాదు.

పక్కింటావిడ పరుగున కొట్టుకు వచ్చింది.

"ఇస్త్రీ బాబాయి మీ దగ్గర కొన్నదేదో తాగేశాడక్కా. గొంతు పట్టుకుని గిలగిల్లాడిపోతున్నాడు."

సీసాలక్క అప్పుడు ఎవరికో సబ్బు తూస్తోంది. తల ఎత్తలేదు. "కంగారు పడకండి. మన కొట్టులో విషాలు ఉండవు కదా. ఉప్పునీళ్లు పట్టించి కక్కించండి, సర్దుకుంటుంది" అంది.

సబ్బు పొట్లం కట్టి ఇచ్చాక ఆవిడ చూపు ఐదో కుళాయి మీద పడింది. పొద్దుటి నీళ్ల సీసా గుర్తొచ్చింది. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది. ఆవిడ వెళ్లేసరికి ముసలాయనను రెండుసార్లు కక్కించారు. సీసాలక్క చెప్పింది కాబట్టి, ఆసుపత్రికి వెళ్లే తొందర ఎవరికీ లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తాగాడని అడిగింది. "కాస్టిక్ సోడా అయి ఉంటుందండీ" అంది సీసాలక్క. అయి ఉంటుంది అంది. నేనే అమ్మానని అనలేదు.

"లోపలికి దిగేటప్పుడు ఒకసారి కాల్చింది. కక్కించినప్పుడు పైకొస్తూ మళ్లీ కాల్చింది" అంది డాక్టరమ్మ. "ఎవరమ్మా మీకు కక్కించమని చెప్పింది?"

పక్కింటావిడ సీసాలక్క వైపు చూసి, మర్యాద కొద్దీ చూపు తిప్పుకుంది.

ఆ సాయంత్రం భర్త ఎదురుగా కూర్చుని అన్న మాట సీసాలక్క చచ్చేదాకా మరిచిపోదు. "సీసా వాళ్లది. దాని మీద మన పేరు లేదు, కాగితం లేదు. మన కొట్టు సరుకేనని ఎవరు నిరూపిస్తారు? నువ్వు నోరు మెదపకు. ఇన్నేళ్లుగా కాపాడుకున్న పేరు ఒక్క పూటలో పోతుంది."

ఏ కాగితం లేక ఒక మనిషి గొంతు కాలిందో, ఆ కాగితం లేకపోవడమే ఇప్పుడు కొట్టును కాపాడబోతోంది. ఇది ఆవిడకు అర్థం కాకపోలేదు. అర్థమయ్యే నోరు మూసుకుంది.

వీధి మాత్రం నోరు మూసుకోలేదు. నీళ్లు పెట్టే చోట, నీళ్ల సీసాలో, నీళ్లలాంటిదే కోడలు ఎందుకు పెట్టిందని మొదలైంది. ముసలాయనకు చాకిరీ చేయలేక విసిగిపోయిందట అన్నారు. మొన్నటిదాకా ఆ కోడలి మంచితనం చెప్పుకున్న నోళ్లే అవి. పోలీసులు రెండుసార్లు స్టేషనుకు పిలిచి కూర్చోబెట్టారు. సీసాలక్క కొట్టులో కొన్నానని ఆమె మొత్తుకుంటే, విషాలు లేని కొట్టులో విషం కొన్నావా అని నవ్వారు. పక్కింటావిడా, ఆ పొద్దున వరుసలో నిలబడ్డవాళ్లూ సీసాలక్క మీది మర్యాద కొద్దీ సాక్ష్యానికి రాలేదు. కట్టుకున్నవాడు వార్డు గుమ్మం దగ్గర నిలబడి తండ్రి మంచం దగ్గరికి ఆమెను పోనివ్వలేదు.

మూడో రోజు ఒకావిడ గిన్నెల ద్రవానికి వచ్చింది. సీసా నిండుతుంటే గొంతు తగ్గించి అంది: "ఆ పిల్ల నేరం మీ కొట్టు మీదికి నెట్టాలని చూస్తోందటక్కా. మేమెవరం నమ్మలేదులెండి. మీ సంగతి మాకు తెలియదా?"

ద్రవం సీసా నిండి పొర్లింది. సీసాలక్క కుళాయి కట్టేయలేదు. ఎదురుగా ఉన్నావిడ ముఖంలో తన మీద అంత నమ్మకం చూసి, మొట్టమొదటిసారి ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది. తలుపు దగ్గరికి లాగి నేరుగా ఆసుపత్రికి వెళ్లింది.

వార్డులో కొడుకు ఉన్నాడు, వాంగ్మూలం కోసం వచ్చిన పోలీసు ఉన్నాడు. కోడలు నడవాలో గోడకానుకుని కూర్చుంది. సీసాలక్క ఆమెను చేయి పట్టి లోపలికి తీసుకొచ్చింది.

"అది నా కొట్టులోదే. నీళ్ల సీసాలో పోసింది నేనే. పోయకూడదని తెలిసే పోశాను. కక్కించమన్నదీ నేనే. ఈ పిల్ల తప్పేమీ లేదు."

పోలీసు కాగితం మీద కలం ఆపాడు. కొడుకు ఆవిడ వైపు తిరిగి అడిగాడు: "మూడు రోజులు ఏం చేశావక్కా?"

"పేరు కాపాడుకున్నాను" అంది ఆవిడ.

మంచం మీద ముసలాయన చేయి కదిపాడు. ముక్కులోకి గొట్టం, మాట రాదు. కోడలు వెళ్లి వేళ్ల మధ్య పెన్సిలు పెట్టి, కాగితం పట్టుకుంది. వంకర టింకరగా ఒక్క వాక్యం రాసి, దాన్ని సీసాలక్కకు ఇమ్మని సైగ చేశాడు.

"ఎర్రగా ఉంటే తాగేవాణ్ణి కాదమ్మా."

కోపంతో తిట్టినా బాగుండేది. ఆవిడ ఆ కాగితాన్ని మడిచి కొంగున ముడి వేసుకుంది.

అధికారులు కొట్టుకు తాళం వేశారు. కేసు నడుస్తోంది. ఇస్త్రీ బాబాయి బతికాడు, కానీ మింగలేడు. పొట్టకు పెట్టిన గొట్టంలోంచే తిండి. వీధిని నవ్వించిన గొంతు మళ్లీ రాలేదు. ఇప్పుడు కోడలు ఇస్త్రీ చేస్తుంటే పక్కన కుర్చీలో కూర్చుని, మిగిలిపోయిన మడతలను వేలితో చూపిస్తాడు. తప్పుడు మాటలన్నవాళ్లు బట్టలు ఇచ్చి తల దించుకుని వెళ్లిపోతారు. ఆమెకు క్షమాపణ చెప్పింది మాత్రం ఒక్కరూ లేరు.

ఒకరోజు సీసాలక్క తన కొట్టు ముందు నిచ్చెన వేసి బోర్డు దించుతోంది. పాత ఖాతాదారులు నలుగురు చుట్టూ చేరారు. "ఏదో పొరపాటు జరిగింది గానీ, మీరు చేసింది మంచి పనే కదక్కా" అని ఓదార్చబోయారు.

ఆవిడ బోర్డును గోడకు ఆనించి నిలబడింది.

"మంచి పనే. ఆ మాటే నా కళ్లు కప్పేసింది" అంది. "కలిపేటప్పుడు తొడుగులు నేను వేసుకున్నాను, మీకు మాత్రం మంచినీళ్లలా పోసి ఇచ్చాను. అమ్మేవాళ్ల మంచితనం సీసా మీద కనిపించదమ్మా. కనిపించాల్సింది అందులో ఉన్న ప్రమాదం."