చదవనివి నాలుగు వందల పన్నెండు

బడి గంట ఎనిమిదిన్నరకి. లైబ్రేరియన్ మాత్రం ఎనిమిదికే వచ్చి, గొడుగు తలుపు మూలన ఆనించి, కంప్యూటర్ తెరిచి ఫీడ్ ముందు కూర్చునేది. వేరే బడుల లైబ్రేరియన్లు తమ పని గురించి రాసుకునే పేజీలు, పిల్లల పుస్తకాల సమీక్షలు, చదువు మీద జరిగే పరిశోధనలు, ఇలా అరవై మూడు చోట్ల ఏది కొత్తగా వచ్చినా ఆ ఫీడ్‌లో ఒకదాని కింద ఒకటి వచ్చి పడేది. అరగంటలో అన్నీ చదవడం ఎవరి తరమూ కాదు. పనికొచ్చేది చదివి మిగతావి వదిలేసేది. తెర మూలన ‘చదవనివి’ అంటూ ఒక అంకె రోజూ పెరుగుతూ ఉండేది. ఆమె దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు.

కొత్త సంగతి ఒకటి నిజంగా ఆమె బుర్రకెక్కితే చాలు, లైబ్రరీ వెనక గోడ బొటనవేలంత వెనక్కి జరిగేది. తొమ్మిదేళ్ళ కిందట ఆమె చేరినప్పుడు ఇరవై అడుగులున్న గది ఇప్పుడు నూట అరవై అడుగులు. బయటి నుంచి చూస్తే మాత్రం ఎప్పటి గదే. ఇబ్బందల్లా ఊడ్చే ఆయాకి.

“నిన్న ఏం చదివారమ్మా? చీపురు అరిగిపోతోంది,” అంది ఆయా ఆ రోజు కూడా.

“పాత పుస్తకాల ఆకుపచ్చ అట్టల్లో విషం ఉండొచ్చట. ఆ చివరి బీరువాలోవి ఉత్తి చేతులతో ముట్టుకోకు.”

“ముట్టుకోనులెండి. రేపు కాస్త చిన్న సంగతి చదవండి.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు పూర్తవకముందే పెద్దసారు లోపలికొచ్చాడు.

హెడ్మాస్టరుని అందరూ పెద్దసారనే పిలిచేవారు. ఆయనకి పుస్తకాల మీద ప్రేమ లేదు, ద్వేషమూ లేదు, ఫారాల మీద మాత్రం ప్రాణం. కిందటి నెల లైబ్రరీలోంచి ఒక పటం కనపడకుండా పోతే, ‘లైబ్రరీలో ఉన్న ఏ కాగితమూ లైబ్రేరియన్ ముద్ర లేకుండా గుమ్మం దాటరాదు, ఎవరికీ మినహాయింపు లేదు’ అని రాసి, సంతకం పెట్టి, తలుపు మీద స్వయంగా అంటించి వెళ్ళాడు. ఇవాళ ఆయన చేతిలో ఇంకో ఫారం ఉంది.

“ఏడాదికి యాభై గంటల శిక్షణ ఉండాలి. మీకు మూడే ఉన్నాయి,” అన్నాడు.

ఆ మూడు గంటలు గుర్తొస్తే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పుస్తకం వీపున నంబరు కాగితం ఎలా అంటించాలో, తొమ్మిదేళ్ళుగా అదే పని చేస్తున్న మనిషిని హాల్లో కూర్చోబెట్టి చెప్పారు. చివర్లో ఆమె లేచి, ఏడో తరగతిలో ఒక పిల్ల ఉంది, దానికి అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి కనిపిస్తాయి, ఏం చెయ్యాలి అని అడిగింది. అది ఈ పాఠంలో లేదు, సంతకం పెట్టి వెళ్ళండి అన్నారు. ఆమె మళ్ళీ ఆ హాలు గుమ్మం తొక్కలేదు.

జవాబు ఫీడ్‌లో దొరికింది. ఎక్కడో ఒక లైబ్రేరియన్ తన బడిలో అలాంటి పిల్లలకి అక్షరాల మధ్య ఎడం పెంచి అచ్చు వేసి ఇచ్చిందట, చదివే వరుస కింద అట్టముక్క పెట్టిందట. ఈమె కూడా అదే చేసింది. టీచర్లంతా మొద్దు అని పిలిచిన ఆ పిల్ల ఈ ఏడాది పదకొండు పుస్తకాలు చదివింది.

“నేను రోజూ నేర్చుకుంటున్నానండీ. ఈ గదే సాక్ష్యం, కొలవండి,” అంది లైబ్రేరియన్.

“గది పెరిగిందని నాకు తెలీదా? ఫారంలో దానికి గడి లేదు.” పెద్దసారు వంగి తెరలోకి చూశాడు. “ఇదేమిటి? చదవనివి నాలుగు వందల పన్నెండు! ఇంత పని పెండింగ్ పెట్టుకుని కూర్చున్నారా?”

“అది పెండింగ్ కాదండీ. వస్తూనే ఉంటాయి, ఎవరూ అన్నీ...”

“నాకు కథలు చెప్పకండి. మిమ్మల్ని పాఠ్యపుస్తకాల గోడౌన్‌కి మార్చమని రాసి సంతకం పెట్టేశాను. ఎల్లుండి టపాలో పోతుంది. ఈ గదిలో బెంచీలు వేసి పరీక్షల కోచింగ్ పెడదాం. వెళ్ళేలోగా ఆ నాలుగు వందల పన్నెండూ చదివి సున్నా చెయ్యండి. ఒక్కటి మిగిలినా ఊరుకోను.”

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. గోడౌన్‌లో కట్టలు లెక్కపెట్టుకుంటూ బతకొచ్చు, చచ్చిపోదు. కానీ పన్నెండో పుస్తకం కోసం వచ్చిన ఆ పిల్లకి ఇక్కడ బెంచీలు కనపడితే? మళ్ళీ మొద్దు అయిపోదూ? తొమ్మిదేళ్ళలో ఆమె కుతూహలంతో చదివింది, విసుగుతో చదివింది, ముక్కు చీదుకుంటూ జ్వరంతో కూడా చదివింది. కోపంతో చదవడం ఇదే మొదలు.

మొదటి గంట నుంచి చివరి గంట దాకా రెండు రోజులు పళ్ళు బిగించి చదివింది. ఆయా టీ తెచ్చిపెడితే చల్లారిపోయింది. చదివినకొద్దీ గోడ కదిలింది. ఇన్నాళ్ళూ వెనక్కే పెరిగిన గది ఈసారి కోపానికి పక్కకి పెరిగింది. పక్కన ఉన్నది పెద్దసారు గది.

మూడో రోజు పొద్దున తెర మూలన సున్నా ఉంది. పెద్దసారు బల్ల, కుర్చీ, కుర్చీలో పెద్దసారు, గణితం బీరువాకీ భూగోళం బీరువాకీ మధ్య ఉన్నారు. ఆయన గదికున్న తలుపు ఎటు పోయిందో పోయింది. ఆయన ఒకసారి అటూ ఇటూ చూసి, కళ్ళజోడు సర్దుకుని సంతకాలు మొదలుపెట్టాడు. ఆయా బల్ల కింద కూడా ఊడుస్తూ, “కాస్త కాళ్ళెత్తండి సారూ,” అంది.

పదింటికి గుమాస్తా వచ్చి బల్ల మీది బదిలీ కవరు తీసుకుని గుమ్మం దాకా నడిచాడు. లైబ్రేరియన్ చెయ్యి అడ్డం పెట్టి తలుపు మీది నోటీసు చూపించింది. గుమాస్తా దాన్ని రెండుసార్లు చదువుకుని వెనక్కి తిరిగాడు.

“ముద్ర కావాలట సార్.”

పెద్దసారు విసవిసా నడిచొచ్చాడు. “అది నా ఆఫీసు కాగితం.”

“ఉన్నది లైబ్రరీలో కదండీ. ఎవరికీ మినహాయింపు లేదని మీరే రాశారు.”

ఆయన నోటీసు వైపు చూశాడు. సంతకం తనదే. తను సంతకం పెట్టిన కాగితాన్ని కాదనడం ఆయన జన్మలో లేదు.

“అయితే ముద్ర వెయ్యండి,” అన్నాడు గొంతు తగ్గించి.

“చదవకుండా ఎలా వేస్తానండీ? తీరిక దొరికినప్పుడు చూస్తాను.” ఆమె కవరు అందుకుని తన బల్ల మీది ట్రేలో పడేసింది. తెర మూలన సున్నా పోయి ఒకటి అయింది.

అప్పుడే గుమ్మంలోకి ఏడో తరగతి పిల్ల వచ్చింది, చేతిలో అట్టముక్క పట్టుకుని. పెద్దసారుని చూసి ఆగింది.

“రావే. ఆయన కూడా ఇక్కడే చదువుకుంటారు,” అంది లైబ్రేరియన్.

పిల్ల పన్నెండో పుస్తకం ఏరుకోవడానికి పావుగంట పట్టింది. లైబ్రేరియన్ దాని మీద ముద్ర గట్టిగా గుద్దింది. భూగోళం బీరువా దగ్గర పెద్దసారు ఉలిక్కిపడి తలెత్తాడు.