వెనక్కి జరిపిన తేదీ

బడి ఆఫీసు కంప్యూటర్‌కు నాలుగు రోజులుగా ఒక్క మెయిలూ రాలేదని గుమస్తా అమ్మాయి కనిపెట్టేసరికి, మూడో తరగతిలో పదకొండో పిల్ల వాంతి చేసుకుంది.

పిల్లల్ని వరండాలో చాపల మీద పడుకోబెట్టారు. తిండి మీద అనుమానంతో డాక్టరు వంటగదిలో గిన్నెల మూతలు తీసి చూస్తున్నాడు. నీళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు. కుళాయిల పక్కన గోడకు, రెండు నెలల కిందటే ట్యాంకు కడిగించినట్టు పెద్ద గుమస్తాగారి సంతకంతో ధ్రువపత్రం వేలాడుతోంది. ఆయాలు ఆ కుళాయిల నీళ్లే పట్టి, నీరసపడిన పిల్లలకు గ్లాసులు గ్లాసులు తాగిస్తున్నారు.

పిల్లల తల్లిదండ్రులకు మెయిల్ పంపబోయింది అమ్మాయి. ఉత్తరం కదలదు. బ్రౌజర్‌లో ఏ పేజీ తెరిచినా ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అన్న హెచ్చరికే. నిన్నా మొన్నా కూడా అది కనిపించింది కానీ, నెట్ బాగాలేదనుకుని రిజిస్టర్లలో తల దూర్చేసింది.

వీధి చివరి కంప్యూటర్ మెకానిక్‌కు ఫోన్ చేసింది. లైనక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థకు గుర్తయిన పెంగ్విన్ బొమ్మను చొక్కా జేబుకు కుట్టించుకు తిరుగుతాడు కాబట్టి అతను అందరికీ ‘పెంగ్విన్ అన్న’. వచ్చీ రాగానే తీగ చూశాడు. బాగానే ఉంది. ఇంకో బ్రౌజర్ తెరిచాడు. అదే హెచ్చరిక. అదే నెట్ మీద అతని ఫోన్ మాత్రం చక్కగా పనిచేస్తోంది. అప్పుడు అతని చూపు తెర మూలనున్న తేదీ మీదకు పోయింది.

“చెల్లెమ్మా, మీ కంప్యూటర్ రెండు నెలల వెనక ఉంది. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకూ తేదీలుంటాయి. దీని లెక్కలో అవి ఇంకా పుట్టనే లేదు. అందుకే ఎవర్నీ నమ్మకుండా తలుపేసుక్కూర్చుంది.”

లోపలి బ్యాటరీ అయిపోయిందేమోనంది అమ్మాయి. అతను తల అడ్డంగా ఊపాడు.

“టైము తనంతట తానే సరిచేసుకునే ఏర్పాటును ఎవరో ఆపేశారు. పాస్‌వర్డ్ లేకుండా అది కుదరదు.”

పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు తను. రెండోవారు పెద్ద గుమస్తాగారు.

అతను ఆ ఏర్పాటును తిరిగి పెట్టాడు. తేదీ ఒక్క గెంతు గెంతింది. మెయిళ్లు బిలబిలా వచ్చి పడ్డాయి. మూడోది నీటి పరీక్షా కేంద్రం మొన్న పంపింది: ‘తనిఖీలో తీసుకున్న మీ ట్యాంకు నీటిలో మురుగు కలిసింది. వాడకం వెంటనే ఆపండి.’

అమ్మాయి వరండాలోకి పరుగెత్తింది. చాప మీద కూర్చుని పెద్ద గుమస్తాగారు, మూడో తరగతి చదివే తన మనవరాలి పెదవులకు గ్లాసు ఆనిస్తున్నారు. ఆమె ఒక్క ఊపున గ్లాసు లాక్కుంది. అవి మురుగు నీళ్లని డాక్టరుకు కేకేసి చెప్పింది. పెంగ్విన్ అన్న కుళాయిలన్నీ కట్టేశాడు.

ఆమె గోడ మీది పత్రం తెచ్చి ఆయన ముందు పెట్టింది. “ఈ నాలుగు రోజులూ కంప్యూటర్ గడియారం సరిగ్గా ఈ తేదీ నుంచే నడిచింది, బాబాయిగారూ.”

చేయని పనికి పాత తేదీ వేయడాన్ని మన ఆఫీసుల్లో తప్పని ఎవరనుకుంటారు? ఆయనా అనుకోలేదు. మనవరాలి తల ఒళ్లో పెట్టుకుని చెప్పారు.

“ట్యాంకు కడిగించలేదమ్మా. నాలుగు రోజుల కిందట తనిఖీకి వస్తున్నారని అరగంట ముందు తెలిసింది. ధ్రువపత్రం ఫారంలో తేదీ దానంతటదే పడుతుంది, మార్చనివ్వదు. అందుకని కంప్యూటర్ తేదీనే వెనక్కి జరిపాను. మళ్లీ సరిచేయడం మరిచిపోయాను. కాగితం సరిగ్గా ఉంటే పని అయినట్టేనని ఇన్నేళ్లూ బతికాను. కాగితం నీళ్లను శుభ్రం చేయదమ్మా. ఇదంతా రాయి, సంతకం పెడతాను. తేదీ మాత్రం ఇవాళ్టిదే వెయ్యి.”