'తడి గొడుగు' ఆఖరి పదహారు పేజీలు

కత్తిగారు పోయారని తెలిసిన రోజు మూడు స్కూలు బ్యాగులు అమ్మాను. మూడింటికీ జిప్పులు లాగి చూపించడం మరిచిపోయాను. నలభై ఏళ్ల వ్యాపారంలో సరుకు సరిచూడకుండా చేతికిచ్చింది ఆ ఒక్క రోజే. ఆయన నాకు చుట్టం కాదు, స్నేహితుడు కాదు. ముఖం కూడా అట్ట వెనక ఫొటోలో చూడడమే. కానీ పాతికేళ్లు మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆయన చేయించిన హత్యల పుణ్యమే.

అసలు పేరు వేరే ఉంది. అయితే ఆయన నవలల అట్టల మీద, కథలో ఉన్నా లేకపోయినా, ఒక కత్తి బొమ్మ ఉండేది. విషం పెట్టి చంపిన కథకూ కత్తే, కొండ మీంచి తోసేసిన కథకూ కత్తే. అందుకని మా పాఠకులు ఆయనకు పెట్టుకున్న పేరు కత్తిగారు.

అప్పట్లో ఇదే షాపులో పుస్తకాలు అద్దెకిచ్చేవాణ్ని. ఆ వ్యాపారానికి అసలు శత్రువు చెదపురుగు కాదు, పాఠకుడు. తీసుకెళ్లేటప్పుడు రెండు రోజులంటాడు. నాలుగో రోజు అడిగితే మా బావమరిది చదువుతున్నాడంటాడు, ఎనిమిదో రోజు బావమరిది అత్తగారు చదువుతోందంటాడు. జరిమానా వేసి చూశాను, జరిమానా కట్టి మరీ ఉంచుకున్నారు. అప్పుడు నాకు తట్టింది: మనిషిని వెనక్కి రప్పించేది భయం కాదు, ఆత్రం. పుస్తకం అచ్చేసినప్పుడు పదహారేసి పేజీలు ఒక కట్టగా కుడతారు, దాన్ని ఫారం అంటారు. నేను కత్తిగారి ప్రతి నవల్లోనూ ఆఖరి ఫారం బ్లేడుతో కోసి నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను. హంతకుడెవరో తెలియాలంటే పుస్తకం తీసుకుని షాపుకు రావాలి. పుస్తకం నా చేతికి వస్తే ఫారం వాళ్ల చేతికి వెళ్తుంది. బయట బెంచీ మీద కూర్చుని చదివి, ఫారం తిరిగిచ్చి, మరో నవల పట్టుకుపోవాలి.

మొదట్లో నన్ను తిట్టారు. తర్వాత అదే వాళ్లకు సరదా అయింది. బెంచీ మీద చదువుతున్నవాడి ముఖం చూడడానికి ఇంకా వంతు రానివాళ్లు చుట్టూ మూగేవాళ్లు. ఎదురు షాపు టైలరు మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చేవాడు.

"చెప్పొద్దు బాబూ, చెప్పొద్దు. కనుబొమ్మలు మాత్రం ఎత్తు. ఆడా, మగా?"

అంతా సవ్యంగా సాగుతుండగా 'తడి గొడుగు' వచ్చింది. ఆ కథ ఇది. ఒక కలప వ్యాపారి లోపల గడియ పెట్టిన గదిలో చచ్చి పడి ఉంటాడు. మూడు రోజులుగా చినుకు లేదు, కానీ గది బయట ఒక గొడుగు, తడిసి ముద్దయి. భార్య, భాగస్వామి, డ్రైవరు, డాక్టరు, అందరి మీదా అనుమానమే. అట్ట వెనక ఈ నాలుగు ముక్కలు చదివే ఊరు ఊరంతా వెర్రెత్తిపోయింది. నా దగ్గర ఉన్నది ఒకే కాపీ. మొదటి వంతు ఒక బస్సు కండక్టరుది. అతనికి ఇచ్చిన రోజే పెద్ద వాన పడి, షాపు కప్పు కారి, సొరుగు నిండా నీళ్లు నిలిచాయి. తెరిచి చూస్తే ఆ ఫారం పిండిముద్ద, నేనింకా చదవనేలేదు. కొత్త కాపీ కోసం మనిషిని పంపితే అచ్చేసినవన్నీ అయిపోయాయన్నారు. ఆ తర్వాత ప్రచురణకర్తకూ కత్తిగారికీ చెడి ఆ నవల మళ్లీ అచ్చు కాలేదు.

మా ఆవిడ అప్పట్లో షాపు పై గదిలో టైపు నేర్పేది. తేలు కుట్టిన దొంగలా పైకెళ్లాను.

"నువ్వు ఆఖరు చదివావా?"

"ఎక్కడ? పుస్తకం ఒక్క రాత్రి చదవనిచ్చి, ఫారానికి మాత్రం నన్ను పదిహేనో నంబరులో పెట్టారుగా. కట్టుకున్నదాన్నని ముందిచ్చారా ఏమన్నా?"

"ఫారం పోయింది. రేపు పొద్దున్నే కండక్టరు వస్తాడు. ఏం చెప్పమంటావు?"

ఆవిడ ఎదురుగా ఉన్న పిల్ల వేళ్లు సరిచేసి, నా వైపు తిరిగింది. "హంతకురాలెవరో నాకు డెబ్భయ్యో పేజీలోనే తెలుసు. కుక్కరెక్కించి వచ్చి కూర్చుంటాను. కాస్త కాగితాలు తెచ్చిపెట్టండి."

ఒక్క మధ్యాహ్నంలో తొమ్మిది పేజీలు టైపు కొట్టింది. మర్నాడు కండక్టరు ఆ కాగితాలు చూసి ఇదేంటన్నాడు. రహస్యం ప్రెస్సులో బయటపడకుండా ఈ నవలకు ముగింపు విడిగా టైపు చేయించి పంపారని చెప్పాను. చెబుతున్నప్పుడు నాకే నమ్మబుద్ధి కాలేదు. అతను మాత్రం రెండు చేతులా అందుకున్నాడు. ఆ ముగింపు చదివినవాడు చదివినట్టు బెంచీ మీంచి లేచి మళ్లీ కూర్చునేవాడు. మూడు వందల మంది చదివారు. ఆ తర్వాత మా ఊళ్లో కత్తిగారు దేవుడైపోయారు.

ముప్ఫై ఏళ్లు ఈ మాట మా ఇద్దరి మధ్యే ఉంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. పక్క రోడ్డులో పెద్ద బ్యాగుల షోరూం వచ్చాక నా బ్యాగులు దుమ్ము తుడవడానికే మిగిలాయి. షాపును మళ్లీ అద్దె పుస్తకాల షాపు చేద్దామని మా ఆవిడ పట్టు. పాత పాఠకుల్లో పాతిక మంది చేరితే చేయొచ్చు, లేదంటే నెలాఖరుకు తాళమే. కత్తిగారి సంస్మరణ సభ పై గదిలో పెడితే పాతవాళ్లంతా వస్తారు, చివర్లో సభ్యత్వం మాట ఎత్తొచ్చు. చనిపోయిన మనిషి మీద బేరం పెట్టుకోవడం తప్పే. కానీ ఆయన బతికుండగా చేసింది కూడా అదేగా.

ఆదివారం పదిన్నరకు ముప్ఫై ఒక్క మంది వచ్చారు. టేబుల్ మీద కత్తిగారి ఫొటో. ముందు వరసలో ఆయన చెల్లెలు, లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారట, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు. కబురు పంపాను కానీ ఆవిడ వస్తారనుకోలేదు.

పళ్ల డాక్టరు మొదలుపెట్టాడు. ఒక పేషెంటును నోరు తెరవమని చెప్పి, పక్క గదిలో పుస్తకంలో పడి నలభై నిమిషాలు మరిచిపోయాడట. "ఆయన అలాగే తెరుచుకుని ఉన్నాడండీ. ఆఖరికి లోపలికొచ్చి, సైగలతోనే, హంతకుడు దొరికాడా అని అడిగాడు." టైలరు తాను రెండు చేతులూ ఒకే వైపు కుట్టిన చొక్కా సంగతి చెప్పాడు. "ఆ చొక్కా నాదే," అన్నాడు వెనక నుంచి కండక్టరు. "ఇంకా ఉంది ఇంట్లో, కావాలంటే తెస్తా." అందరూ పొట్టలు పట్టుకున్నారు. సంస్మరణ సభ అని మరిచిపోయి చెల్లెలు కూడా నవ్వారు. నాకు పాతిక సభ్యత్వాలు కళ్ల ముందు ఆడాయి.

అప్పుడు కండక్టరు లేచాడు. "ఎన్ని రాసినా 'తడి గొడుగు' ముందు బలాదూరే. ఆ నాయనమ్మ ఉంది చూశారూ..."

గది మొత్తం ఒక్కసారి నిట్టూర్చింది.

"ఆ నాయనమ్మా?" అన్నారు చెల్లెలు.

"అదేనమ్మా, నడవలేనట్టు నటిస్తూ చక్రాల కుర్చీలో కూర్చుని మూడుసార్లు వేడినీళ్లు అడుగుతుంది. ఎవరు పట్టించుకుంటారు? మంచుగడ్డని గొడుగులో పెట్టి మోసుకెళ్లి, తలుపు గడియ కింద నిలబెట్టి బయటికొచ్చేసింది. మంచు కరిగింది, గడియ దానంతటదే పడింది. గొడుగు తడిసింది. గడ్డ మోసి వేళ్లు కొంకర్లు పోతేనే ఆ వేడినీళ్లు. అబ్బ, ఏం బుర్రండీ మీ అన్నయ్యది."

ఆవిడ నెమ్మదిగా బ్యాగు తెరిచి అట్ట మీద కత్తి ఉన్న పుస్తకం తీశారు. "ఇది అన్నయ్య సొంత కాపీ. ఈ ఊళ్లో అందరికీ ఇష్టమని ఆఖరి అధ్యాయం చదువుదామనే తెచ్చాను. ఇందులో నాయనమ్మ హంతకురాలు కాదండీ. డ్రైవరుకు ఒక కవల తమ్ముడుంటాడు. వాడు."

"కవల తమ్ముడా?" అన్నాడు టైలరు. "అంతకుముందు ఎక్కడైనా కనబడతాడా వాడు?"

"లేదు. ఆఖర్లోనే వస్తాడు."

"మరి గొడుగెందుకు తడిసిందమ్మా?"

ఆవిడ పేజీలు తిప్పారు. "వాడు స్నానం చేస్తుంటే పక్కన ఉందట."

ఎవరూ నవ్వలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టినా ఇంతకంటే నయం. డాక్టరు కళ్లజోడు సవరించుకున్నాడు. "అమ్మా, ఏమీ అనుకోకండి. మీ దగ్గరున్నది నకిలీ కాపీ అయుండాలి. కత్తిగారు స్నానం రాస్తారా?"

"దీని మీద అన్నయ్య సంతకముందండీ."

"సంతకాలు కూడా నకిలీవి చేస్తారు మేడం," అన్నాడు కండక్టరు జాలిగా. "మేం అసలుది చదివాం. మాకు విడిగా టైపు చేయించి పంపారు. షావుకార్ని అడగండి."

ముప్ఫై తలలు నా వైపు తిరిగాయి. బేరం నా కాళ్ల దగ్గరికే వచ్చింది. అవునని తల ఊపితే చాలు, నా పరువు నిలుస్తుంది, షాపు నిలుస్తుంది. తరుగల్లా ఒక్కటే: సొంత అన్న రాసిన పుస్తకాన్ని నకిలీ అనిపించుకుని ఆవిడ ఇంటికెళ్లాలి. ఆవిడ పుస్తకాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, బోర్డు మీద లెక్క తప్పిందేమోనని చూసుకునే టీచరులా, ఆఖరి పేజీ మళ్లీ చదువుకుంటున్నారు. మా ఆవిడ గోడ పక్కన నిలబడి నన్నే చూస్తోంది. అన్ని లెక్కలూ అవునను అన్నాయి. అయినా నోరు వేరేది చెప్పింది.

"అమ్మగారి చేతిలో ఉన్నదే అసలుది. మీరు చదివింది మా ఆవిడ టైపు కొట్టింది. ఫారం వానకు పోతే, మీ దగ్గర అద్దె పోగొట్టుకోలేక నేనే చేయించాను. టైపు చేయించి పంపారన్నది నా అబద్ధం."

టైలరు లేచాడు. "ముప్ఫై ఏళ్లుగా మా అత్త వేడినీళ్లు అడిగితే నేను గడియలు చూసుకుంటున్నానయ్యా. దానికెవరు జవాబుదారీ?"

"మీ అత్త మంచిదే అన్నయ్యా," అంది మా ఆవిడ. "ఆవిడది మామూలు కీళ్లనొప్పి."

చెల్లెలు లేచి మా ఆవిడ దగ్గరికి నడిచారు. అయిపోయింది, పోలీసుల దాకా పోతుందనుకున్నాను.

"నువ్వేనా అమ్మాయ్ ఆ నాయనమ్మ?" అన్నారు. "అది తెలుసుకుందామనే ఇవాళ వచ్చాను. మా అన్నయ్యకి ఈ ఊరి నుంచి సంచెడు ఉత్తరాలొచ్చాయి. నాయనమ్మ అద్భుతం, నాయనమ్మకి జోహార్లు అని. వేడినీళ్లడిగే ముసలావిడలో అంత ఏముందే అని నన్నడిగేవాడు. తన నవల తనే నాలుగుసార్లు చదువుకున్నాడు. రాసింది మరిచిపోతున్నానేమోనని డాక్టరుకు కూడా చూపించుకున్నాడు. ఆఖరికి ఒక ఉత్తరంలో ఎవరో మంచుగడ్డ సంగతంతా విడమరిచి రాశారు."

"నేనే రాశానండీ," అన్నాడు కండక్టరు, చొక్కా సర్దుకుంటూ.

"అది చదివి వాడు రెండు రోజులు రాతబల్ల దగ్గరికి పోలేదు. మూడో రోజు, ఇది నేను రాసుండాల్సింది అన్నాడు. ఆ తర్వాత వాడి నవలల్లో హంతకులెవరో గుర్తు తెచ్చుకోండి."

డాక్టరు వేళ్లు మడిచాడు. "రిటైర్డు జడ్జి. మేనత్త. వినబడని తాతయ్య. పక్కింటి మామ్మ." నాలుగో వేలి దగ్గర గది పగలబడి నవ్వింది. పాతికేళ్లు మా ఊరు ముసలాళ్లను చూసి ఎందుకు జడిసిందో అప్పుడు తెలిసింది అందరికీ.

ఇంత జరిగాక అసలు హంతకుడెవరో తేలాలి కదా అని టైలరు పేచీ పెట్టాడు. చేతులెత్తి ఓటు వేయాలన్నాడు. కవల తమ్ముడికి మూడు ఓట్లు వచ్చాయి, అందులో ఒకటి నాది, మర్యాదకు వేసింది. నాయనమ్మకు చేతులు లెక్కపెడుతుంటే ముందు వరసలో చెల్లెలి చెయ్యి కూడా పైనే ఉంది. తన సంస్మరణ సభలో తన నవల్లోనే ఓడిపోయిన రచయిత ఇంకొకరు ఉంటారనుకోను.

సభ్యత్వం మాట ఎలా ఎత్తాలా అని నేను తటపటాయిస్తుంటే కండక్టరే వచ్చాడు. "పేరు రాసుకో షావుకారూ. నీ మీద నమ్మకంతో కాదు, అది ఇందాకే పోయింది. వదినగారు రాస్తానంటేనే."

టైలరు, డాక్టరు, ఆ వెనక మిగతావాళ్లు. ఇరవై ఎనిమిది పేర్లు అయ్యాయి. అబద్ధం ఒప్పుకున్న రోజు నాకు ఇంత గిరాకీ ఎప్పుడూ లేదు. ఇక మిగిలింది సరుకు. పాత పుస్తకాలన్నీ ఏనాడో తూకానికి అమ్మేశాను.

"అన్నయ్య కాపీలు రెండు పెట్టెల నిండా ఉన్నాయి," అన్నారు చెల్లెలు. "నాకెందుకు, మీ షాపులో పెట్టుకోండి."

మా ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆవిడ పక్కన కూర్చుంది. "మొత్తం ఎన్ని నవలలండీ?"

"నలభై రెండు."

"అందులో ఆఖరు మీకు నచ్చనివి?"

చెల్లెలు ఫొటో వైపు చూశారు. లేచి, దాన్ని గోడ వైపు తిప్పి వచ్చి కూర్చున్నారు. గొంతు బాగా తగ్గించారు.

"పంతొమ్మిది."