గొంతుకు సెలవు

గొణగడం వేరు, సణగడం వేరు. కాని ఆ తేడా ఏడో తరగతి పిల్లలకు ఉత్త మాటలతో చెప్పి ఒప్పించడం ఎన్నడూ కుదరలేదు, చేసి చూపించాల్సిందే. గొణిగేవాడికి ఎవరు విన్నా వినకున్నా ఒకటే. సణిగేవాడికి మాత్రం పక్క గదిలో ఒకరుండాలి. మటర్, గ్రంబుల్, మంబుల్ అని బోర్డు మీద రాసి ఇంగ్లీషు టీచరు సుకన్య ఒక్కొక్కటే గొంతు మార్చి చేసి చూపిస్తుంటే, బోధన్‌లోని ఆ చిన్న ప్రైవేటు బడిలో పిల్లలు పడిపడి నవ్వేవాళ్లు. పద్దెనిమిదేళ్లు రోజుకు ఆరు పీరియడ్లు అలా ఆడిన గొంతు చివరికి బొంగురుపోయి, లోపల జొన్నగింజంత కాయ కాసింది. నిజామాబాద్‌లో డాక్టరు ఆ కాయ తీసేసి రెండు వారాలు ఒక్క మాటా వద్దన్నాడు. "గుసగుస అసలే వద్దమ్మా. మామూలుగా మాట్లాడినదానికన్నా దాంతోనే గొంతు ఎక్కువ పాడైతది" అన్నాడు. ఆ రెండు వారాలు అయిపోయి ఇంకో వారం గడిచింది. ఇవాళ ఇరవై రెండో రోజు. పీట మీద జొన్నరొట్టె చరుస్తూ ఆమె ముందుగదిలోకి చెవి వేసి ఉంది.

ముందుగదిలో భర్త ప్రేమ్, అత్త హన్మవ్వ. వంటింట్లో రొట్టె చప్పుడు వినిపిస్తున్నంతసేపే అక్కడ మాటలు సాగుతాయి. చప్పుడు ఆగితే మాటలూ ఆగుతాయి. నాలుగు రోజుల కిందట ఈ సంగతి కనిపెట్టింది. అందుకే ఆఖరి రొట్టె పెనం మీద వేశాక కూడా ఖాళీ పీట మీద అరచెయ్యి చరుస్తూనే ఉంది. పిండిలేని పీట చప్పుడు వేరుగా ఉంటుంది. ముప్పై ఏళ్లు రొట్టెలు చేసిన హన్మవ్వ ఆ తేడా పోల్చుకుంటుందేమోనని అరచెయ్యి కాస్త వంచి చరిచింది. పోల్చుకోలేదు.

"అడిగితె ఏం జేస్తవు బిడ్డా?"

"అడగనీకి నోరుండాలె గదనే అవ్వా."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకు ఇంగ్లీషులో చాలా మాటలున్నాయి. ఏది పెట్టాలో సుకన్యకు తేలలేదు.

ఏమడుగుతుందని? ఆమె అడగాల్సింది ఒక్కటే ఉంది. పదిహేనో రోజు మళ్లీ ఆసుపత్రికి పోయారు. డాక్టరు గొంతులోకి సన్నని గొట్టం వేసి చూసి, తల ఊపి, ఏదో చెప్పబోతుండగా ప్రేమ్ చీటీ చేతిలో పెట్టి, "నువ్వు పోయి మందుల కాడ లైన్ల నిలబడు, నేను మాట్లాడొస్త" అన్నాడు. పోయి నిలబడింది. పది నిమిషాలకు వచ్చి, "ఇంకో నెల నోరు తెరవొద్దన్నడు" అన్నాడు. లైనులో ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ అందరూ వినేటట్టు అన్నాడు. అనుమానం అక్కడే పుట్టింది. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆమె నేర్చుకున్నది ఇదే. ప్రేమ్ నిజం చెప్పేటప్పుడు నసుగుతాడు, అబద్ధం చెప్పేటప్పుడు మైకు పట్టుకున్నట్టు ప్రకటిస్తాడు. మంబుల్, అనౌన్స్. రుద్రూర్‌లో విత్తనాల దుకాణం పెట్టేటప్పుడు ఆమె బంగారు గాజులు ఇమ్మని అతను అడిగింది నసుగుతూనే. మళ్లీ చేయిస్తానన్నది మాత్రం ఊరంతా వినేటట్టు చెప్పాడు.

కాని ఇది రుజువా? లేక తనకు కావలసిన జవాబుకు తానే అతికించుకున్న లెక్కా? ఈ ప్రశ్న ఆమెను వదలడం లేదు. రోజూ సాయంత్రం గోరువెచ్చటి నీళ్లలో తేనె కలిపి తనే తెచ్చిస్తున్నాడు. అడగకుండా ఆమెకు ఏదైనా తెచ్చివ్వడం పెళ్లయిన తర్వాత ఇదే మొదలు. అది ప్రేమే కావచ్చు. గ్లాసు అందుకుంటూ అతని కళ్లలోకి చూస్తే అతను గ్లాసు వైపు చూస్తాడు. రెండేళ్లుగా అతనిది ఒకటే పాట. "బడి బంద్ వెట్టి దుకాణంల కూసోరాదు? గిరాకీలను సూసుకుంటే నాకింత ఆసరైతది." ఆమె కాదన్నప్పుడల్లా అతను సణిగాడు, ఆమె మళ్లీ కాదంది. ఇప్పుడు కాదనే గొంతు లేదు. అందుకే ఆ తేనెలో తీపి ఎంత, లాభం ఎంత అని నాలుక మీదే తూచుకుంటోంది. అలా తూచుకునే తనంటే తనకే అసహ్యం. ఇంకా లోపల ఇంకో అనుమానం ఉంది, దాన్ని తాకడానికి భయం. ఈ మౌనం తనకూ హాయిగా లేదూ? జవాబు చెప్పనక్కరలేదు, ఒప్పించనక్కరలేదు, ఓడిపోనక్కరలేదు. ఒకవేళ అతని అబద్ధాన్ని ఆమె కూడా ఇష్టంగానే నమ్ముతోందేమో.

ప్రేమ్ టిఫిన్ డబ్బా తీసుకుని బండెక్కాడు. ఆమె ఫోను అతని జేబులోనే ఉంది. "మాట్లాడేది లేదాయె, నీకెందుకు" అని మొదటి వారమే తీసుకున్నాడు.

పక్కింటి లింగవ్వ పెరట్లోకి వచ్చి, వంటింటి కిటికీలోంచి, "సుకన్యా! నొప్పి! తగ్గిందా!" అని కేకేసింది.

"మెల్లగనవే, దానికి చెవుడు గాదు, గొంతు" అంది హన్మవ్వ, పెరట్లోనే కూర్చుని చేటలో బియ్యం చెరుగుతూ. అలా అన్న మనిషే నిన్న తనకు మంచినీళ్లు కావాలని కోడలికి బొటనవేలు నోటికి పెట్టి సైగ చేసింది.

"ఎట్లున్నదొదినె, కోడలు సప్పుడు లేక?"

"ఇల్లు సల్లగున్నది పో. ఒక్క ఎదురుమాట లేదు."

ఇద్దరూ కిలకిలలాడారు. సుకన్య గట్టు మీది నోటుపుస్తకం అందుకుంది. మాట్లాడకూడదు కాబట్టి రాసి చూపించమని ప్రేమ్ కొనిచ్చిన పుస్తకం. మొదటి పేజీ నుంచి తిరగేసింది. ఉప్పు అయిపోయింది. గ్యాస్ బుక్ చేయండి. అత్తమ్మకు గోలీ వేళయింది. పాలాయన రాలేదు. నీలం చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను. ఇరవై రెండు రోజుల ఆమె మాటలన్నీ అవే. అందులో ఆమె ఎక్కడా లేదు. నెల కిందటి వరకూ నోటితో అన్న మాటలు రాసి ఉంచితే అవి మాత్రం ఇంతకన్నా వేరుగా ఉండేవా అనిపించింది. బడిలో తప్ప.

ఆ బడే పోతోంది. నిన్న రాత్రి అన్నం కలుపుతూ ప్రేమ్ పళ్లెంలోకి చూస్తూ నసిగాడు. "మీ బడి ఆత్మారాం సార్ ఫోన్ చేసిండు. సోమారం నుంచి ఇంకొకామెను వెట్టుకుంటడట. నేను సరే అన్న." నసిగాడు కాబట్టి అది నిజం. ఇవాళ శుక్రవారం.

కనుక తేల్చుకోవలసింది ఆ ఇంకో నెల మాట. డాక్టరు నిజంగా అన్నాడా, లేదా? ఆసుపత్రి నంబరు మందుల కవరు మీద ఉంది. హన్మవ్వ బటన్ల ఫోను గూట్లో చార్జింగుకు పెట్టి ఉంది. దాంట్లోంచి మెసేజ్ పంపితే ఆసుపత్రి వాళ్లు ఎప్పుడు చూస్తారో, జవాబు ఎవరి చేతిలో పడుతుందో. మాట్లాడాలి. డాక్టరు నిజంగానే మాట్లాడొద్దని చెప్పి ఉంటే, ఈ నాలుగు మాటలకే లోపలి పుండు రేగుతుంది, గొంతు శాశ్వతంగా పోవచ్చు. పోతే బడీ పోతుంది. ప్రేమ్ నిజమే చెప్పినవాడవుతాడు, ఆమె నమ్మని భార్యగా మిగులుతుంది. అతను అబద్ధమాడాడా అన్నది నోరు తెరిస్తే తప్ప తెలియదు. అతను నోరు తెరవొద్దన్నాడు. ఈ ముడి ఎవరు వేశారోగాని చాలా తెలివిగా వేశారు అనుకుంది. పక్క గదిలోంచి వచ్చిన ఆ నవ్వు మళ్లీ చెవిలో మెదిలింది.

చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకుని గూట్లోంచి ఫోను తీసింది. చిన్న బటన్లు, ఒక్కో అంకె కవరు మీద చూసుకుని నొక్కింది. అవతల గంట మోగింది. ఆగిపోయింది. మళ్లీ నొక్కింది.

"హలో, చెప్పండి" అంది ఒక అమ్మాయి గొంతు.

సుకన్య నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇరవై రెండు రోజులు మూతపడ్డ చోట ఏదో తడిగా అంటుకుపోయి ఉంది.

"హలో? ఇనబడ్తలేదు. ఎవరు మాట్లాడేది?"

కిటికీ అవతల చేట చప్పుడు ఆగింది. హన్మవ్వ ఇటే తల తిప్పి ఉంటుంది.

"సుకన్యను," అంది, బొంగురుగా, పెరటి దాకా వినబడేటట్టు, "సుకన్యను మాట్లాడుతున్న."