కోసి చూసిన ఫిల్టరు

అర్పా ఏటి గట్టు మీది పంపుహౌసులో ఉన్నది పడవ ఇంజను. యుద్ధం అయిపోయాక విశాఖపట్నం రేవులో విప్పి అమ్మేసిన సామానులో దాన్ని రైల్వేవాళ్లు కొన్నారు. గూడ్సు బండెక్కించి బిలాస్‌పూర్ తెచ్చి, లింగియాడీహ్ దగ్గర ఏటి ఒడ్డున సిమెంటు దిమ్మె కట్టి బిగించారు. సముద్రం మీద తిరిగిన మహారాజు ఇప్పుడు లోకో షెడ్డుకి నీళ్లు తోడుతున్నాడు. దాన్ని నడిపేది ఎర్రయ్య. తనలాగే అదీ ఆ తీరం నుంచి వచ్చింది గనక చుట్టరికం కలుపుకున్నాడు.

చుట్టరికానికి వేరే కారణం కూడా ఉంది. అంతకు ముందు పదకొండేళ్లు ఎర్రయ్య బొగ్గు యార్డులో చేశాడు. ఆ పొడి పీల్చీ పీల్చీ దగ్గు పట్టుకుంది. దగ్గితే పక్క క్వార్టరువాళ్లు కూడా లేచి కూర్చునేవారు. పంపు మీదికి డ్యూటీ మార్చాక ఆరునెలల్లో మనిషయ్యాడు. కాని పై సాహెబుకి పడవ ఇంజనంటే మొదటినుంచీ గిట్టదు. అది పాడైందని తేలితే పాత ఆవిరి పంపు తిరిగి వస్తుంది, దానితో దాని మనుషులూ వస్తారు. ఎర్రయ్య మళ్లీ బొగ్గులోకి పోవాలి.

పాత ఆయిలు ఫిల్టరు బిగించి మూడు నెలలు నిండాయని ఆ బుధవారం, పంపుల పని చూసే ఛార్జ్‌మన్ శంకరరావు కొత్తది తెచ్చాడు; ఇంజను నూనెని వడగట్టే రేకుడబ్బా అది. పాతదాన్ని కోసి చూసి, ఇంజను లోపల ఎలా ఉందో రిపోర్టు రాయమని సాహెబు హుకుం.

ఎర్రయ్య హుషారుగా ఆకురాయి, రంపం అందించబోయాడు.

"రంపమా? నీకేటి మతిపోయిందా?" అన్నాడు శంకరరావు. "రంపం పెడితే డబ్బా పొడి లోపల పడిపోద్ది. అప్పుడు ఆ ఇనుం ఇంజనుదో డబ్బాదో నీ తాత చెప్తాడా?"

మిలిటరీవాళ్లు పాలడబ్బాలు కోసుకునే కత్తి ఒకటి జేబులోంచి తీసి, డబ్బా అంచు చుట్టూ ఓపిగ్గా కోశాడు. మూత లేచింది. లోపల మడతలు మడతలుగా చుట్టిన గుడ్డ, నల్లగా, నూనె కారుతూ ఉంది. దాన్ని విప్పి ఎనామిలు పళ్లెంలో కిరసనాయిలు పోసి జాడించారు. నలుపు వదిలింది. మడతల్లో పచ్చటి పొడి మెరిసింది.

శంకరరావు అయస్కాంతం తెచ్చి ఆ పొడి మీద తిప్పాడు. ఒక్క రేణువు అంటుకోలేదు.

"ఇనుం కాదు. ఇత్తడి. లోపల ఇత్తడి బుష్షులు అరిగిపోతున్నాయి ఎర్రయ్యా."

ఎర్రయ్య పళ్లెంలోకి మళ్లీ వంగి చూశాడు. పూట తప్పకుండా నూనె చూసి పోశాడే! ఇంజను మీద కోపం వచ్చింది, ఆ తర్వాత జాలి వేసింది, చివరికి ఏమీ తోచక పళ్లెం పక్కన చతికిలబడ్డాడు.

శంకరరావు కూడా వెంటనే రిపోర్టుకి పూనుకోలేదు. మనిషి మంచివాడు, చెడు రాయవలసి వస్తే తమలపాకు అడ్డం పెట్టుకుంటాడు. ఆకుకి సున్నం రాసి నోట్లో వేసుకున్నాడు. ఆ సున్నం వేలితోనే పళ్లెంలోని పొడిని మరోసారి నలిపాడు. వేలు చూసుకుని నమలడం మానేశాడు.

వేలు ఎర్రగా ఉంది.

దాన్ని ఎర్రయ్య మొహం ముందు పెట్టాడు. సాహెబుకి ఆ ఎరుపు తెలియదు గాని, పెళ్లిపీట మీద కూర్చున్న తెలుగువాడెవడికీ అది చెప్పనక్కర్లేదు. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి.

"ఇత్తడి కాదురా, పసుపు! పసుపు!" అని శంకరరావు ఒక్క అరుపు అరిచాడు. మరుక్షణమే మొహం ముడుచుకున్నాడు. "అచ్ఛా, ఇంజను నోట్లో పసుపెవడు పోశాడు? బయటి మనిషిని ముట్టుకోనిచ్చావని తెలిస్తే సాహెబు నిన్ను ఈ పూటే తీసేస్తాడు."

ఎర్రయ్యకి ఎవరో తెలిసిపోయింది. రోజూ అన్నం క్యారేజీతో ఇక్కడికి వచ్చే మనిషి ఒక్కతే.

"నానే ఏసినాను బావూ," అన్నాడు. "మొక్కుకున్నాను."

అబద్ధం పూర్తిగా అతకక ముందే అతని పెళ్లాం అప్పలనర్సమ్మ క్యారేజీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పళ్లెం చూసింది, పచ్చటి గుడ్డ చూసింది. దాచుకోవాలని ఆ పిచ్చిదానికి తోచలేదు.

"నాను ఏసిన పసుపే గదా! పన్జేసిందా బావూ?"

"నువ్వెందుకేశావమ్మా?" అన్నాడు శంకరరావు.

"మావే సెప్పినాడు, ఇంజను దగ్గుతున్నాదని. రెండు రేత్రులు తిండి తిన్నేదు. ఇది పడిపోతే నన్ను బొగ్గులోకి తోసేత్తారని పడుకుని గోడకేసి తిరిగిపోనాడు. మావ దగ్గుకి నాను పాలల్లో పసుపేసి తాపేదాన్ని గదా. దీనికి పాలెలా పోత్తాను? నూనె పోసే కన్నంలో గుప్పెడేసినాను. మావ ఏటిలోకి గొట్టం సూడ్డానికి దిగినప్పుడు."

శంకరరావు నవ్వాపుకోలేక వీపు తిప్పేశాడు. కాసేపటికి కాగితం తీసి, బుష్షులు బాగున్నాయనీ, ఫిల్టరులో దొరికిన పచ్చటి పొడి లోహం కాదనీ, నూనె మొత్తం మార్పిస్తున్నాననీ రాసి సంతకం పెట్టాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"ఇంకెప్పుడూ వెయ్యకమ్మా," అన్నాడు.

ఆమె అతని మాట విననే లేదు. మొగుడి మొహంలోకే చూస్తోంది.

"తగ్గిందా మావా?"

దగ్గు తగ్గిన మాట నిజం. కిరసనాయిలు గొట్టంలో నీళ్లు చేరితే ఇంజను దగ్గింది. మంగళవారం పొద్దున్న ఆ గొట్టం ఎర్రయ్యే విప్పి, ఊది, కడిగి బిగించాడు. ఆ పని తనదేనని సాహెబుకి తెలిసేలా చెప్పాలని నిన్నటినుంచీ ఉబలాటపడుతున్నాడు. శంకరరావు చేతిలో కలం ఇంకా తెరిచే ఉంది. ఇప్పుడు చెబితే రిపోర్టులోకి ఎక్కుతుంది.

ఇరవయ్యేళ్ల కాపురంలో ఎర్రయ్యకి పెళ్లాం మీద ఇంత ప్రేమ ఎన్నడూ పుట్టలేదు.

"తగ్గిందే," అన్నాడు. "నీ పసుపుకే తగ్గింది."