పాల గరిటె

మామగారి వర్ధంతి ఆ ఏడు సబ్బాతు నాడు పడింది. ఆయన పోయినప్పటి నుంచీ ఆ రోజు వంట సిప్పోరాదే. పెద్ద కోడలు, ఈ ఊళ్ళోనే పుట్టిన పిల్ల. గొర్రెమాంసంలో ఎండుద్రాక్ష ఎప్పుడు వెయ్యాలో, దాల్చినచెక్క ఎప్పుడు తీసెయ్యాలో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. శుక్రవారం పొద్దుగూకి సబ్బాతు మొదలైతే పొయ్యి వెలిగించరు కాబట్టి వంట ముందే అయిపోవాలి. ఈసారి మాత్రం గురువారం నాడు అత్త ఫ్రేహా, "రేపటి వంట నోగా చేస్తుందిలే, నువ్వు పక్కనుండు చాలు," అంది. మామూలుగానే అంది. సిప్పోరాకు మాత్రం అది మామూలు మాటగా వినబడలేదు.

నోగా చిన్న కోడలు. హైఫాలో పెరిగింది. పెళ్ళికి కొద్దిగా ముందు వరకూ సబ్బాతు అంటే ఆమెకు సముద్రం ఒడ్డున తిరిగే సెలవు రోజు. ఇప్పుడు గ్లాసుడు నీళ్ళు తాగాలన్నా ఆగుతుంది. రెండు చేతులా గ్లాసు పట్టుకుని, కళ్ళు మూసుకుని, దేవుడికి చెప్పాల్సిన స్తుతిని ఒక్కొక్క మాటే మెల్లగా చెబుతుంది. తాగాక ఆమె మొహం చూస్తే, అవి మనం తాగే నీళ్ళు కావేమో అనిపిస్తుంది.

సిప్పోరా కూడా ఆ స్తుతే చెబుతుంది. మాటలు సరిగ్గా రాని వయసు నుంచీ చెబుతోంది. ఒక చేత్తో కుళాయి కట్టేస్తూ, మరో చేత్తో పిల్ల చెప్పులు తొడుగుతూ చెప్పేస్తుంది. చెప్పిందో లేదో ఒక్కోసారి ఆమెకే గుర్తుండదు. ఊళ్ళో ఆడవాళ్ళు నోగాను చూసి కళ్ళు తుడుచుకుంటారు. పుట్టినప్పటి నుంచీ ఒక్కటీ తప్పకుండా చేసుకొస్తున్న మనిషిని మెచ్చుకోవాలని ఎవరికీ తోచదు. అంతకంటే సిప్పోరాను తినేసే సంగతి ఇంకొకటి ఉంది. ఆ నీళ్ళల్లో నోగాకు ఏదో దొరుకుతోంది. తనకు ఏనాడూ దొరకలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫ్రేహా గుమ్మంలో కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. పొయ్యి మీద ఆమె తల్లి నాటి మట్టి దాక ఉంది. మొరాకో నుంచి ఓడలో వచ్చేటప్పుడు ఆ తల్లి దాన్ని ఒళ్ళోంచి దించలేదట. మాంసం, ఉల్లిపాయలు వేగుతున్నాయి. మాంసానికి పాలు తగలకూడదన్నది యూదుల నియమం, రెంటికీ సామాను వేరు. నోగా తన ఇంట్లో అయితే పాల సామానుకు నీలం చీటీ, మాంసం సామానుకు ఎర్ర చీటీ అంటించి పెట్టుకుంటుంది. ఫ్రేహా వంటింట్లో చీటీల్లేవు. ఏది ఎక్కడిదో చేతులకే తెలుసు.

"అడుగంటుతోంది, కలుపు కలుపు," అంది ఫ్రేహా తల ఎత్తకుండా.

నోగా చెయ్యి చాచి కిటికీ పక్కనున్న చెక్క గరిటె తీసుకుంది. ఆ గరిటెతోనే పొద్దున సిప్పోరా తన కూతురికి వేడిపాలల్లో రవ్వ ఉడికించింది. కడిగి అక్కడ ఆరబెట్టింది.

సిప్పోరా చూసింది. గరిటె గాలిలో ఉంది. ఒక మాట అంటే సరిపోతుంది. అనలేదు. గరిటె దాకలోకి దిగి ఒక చుట్టు తిరిగాక అంది.

"నోగా, అది పాలది."

నోగా చెయ్యి కొయ్యబారిపోయింది. "ఏది?"

"ఆ గరిటె."

ఫ్రేహా ఒళ్ళో కొత్తిమీర నేలపాలైంది. "పొయ్యి ఆపండి ముందు. ఫోన్ ఏదీ? రబ్బీకి చెయ్యండి."

ఊరి మతగురువు రబ్బీ షుక్రూన్ గొంతు ఫోన్లోంచి గదంతా వినబడింది. "చెప్పండి పిన్నీ, త్వరగా. సబ్బాతు వచ్చేస్తోంది, నేనింకా స్నానమే చెయ్యలేదు."

ఫ్రేహా జరిగింది చెప్పింది.

"కూర గరిటెకు అరవై రెట్లన్నా ఉందా? ఉంటే దోషం లేదు."

"ఎక్కడ నాయనా, ఇంకా నీళ్ళే పొయ్యలేదు. దాక అడుగున ఉంది."

"అయితే ఒకటే ప్రశ్న. నిన్న ఈ వేళ నుంచి ఇప్పటివరకూ ఆ గరిటె వేడిపాలల్లో పెట్టారా? పెట్టకపోతే కూర తినొచ్చు, గరిటె శుద్ధి చేసుకుంటే చాలు. పెట్టి ఉంటే కూర పారెయ్యాలి. మట్టిపాత్ర శుద్ధి కాదు, తెలుసుగా."

ఫ్రేహా సిప్పోరా వైపు చూసింది. నోగా కూడా చూసింది. పొద్దున వంటింట్లో సిప్పోరా ఒక్కతే ఉంది.

లేదంటే దాక నిలుస్తుంది, విందు నిలుస్తుంది. వచ్చినవాళ్ళంతా నోగా వంట తిని ఆహా అంటారు, తినకూడనిది తిన్నామని తెలియకుండానే. అవునంటే ఇంకెప్పుడూ ఎవరూ ఈ పొయ్యి దగ్గర నోగాను నిలబెట్టరు. అవునన్నదే నిజం. ఆ నిజం నాలుక మీద తేనెలా ఉంది. అంత తియ్యగా ఉన్నందుకే సిప్పోరాకు భయం వేసింది.

"పొద్దున రవ్వ ఉడికించాను," అంది. "వేడిపాలల్లో."

"ఖాయమేనా అమ్మా?"

"ఖాయమే."

రబ్బీ నిట్టూర్చాడు. "ఏం చేస్తాం. పారెయ్యండి. సబ్బాతు శాంతి, పిన్నీ."

ఫ్రేహా గుడ్డ పట్టుకుని దాక దించింది. కూర చెత్తసంచిలో వొంపింది. ఖాళీ దాక పెరటి మెట్టు దగ్గరికి పట్టుకెళ్ళి, "ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు మళ్ళీ పొయ్యెక్కిస్తారు," అంటూ రాయి మీద వదిలేసింది. పగిలిన చప్పుడు పెద్దగా రాలేదు. లోపలికొచ్చి చేతులు కడుక్కుంది.

"సిప్పోరా, నిజంగానే పాలల్లో పెట్టావా?"

"పెట్టాను అత్తయ్యా. ఒట్టు."

"నమ్మాను. మరి నోగా గరిటె తీసుకునేటప్పుడు నువ్వు చూశావా?"

సిప్పోరా తడిగుడ్డ తీసుకుని బల్ల తుడవబోయింది.

"చూశావా, లేదా?"

"చూశాను."

"నోరు రాలేదా?"

"రాలేదు."

"రాలేదా, రానివ్వలేదా?"

గోడ మీద గడియారం కింద మామగారి ఫోటో ఉంది. సిప్పోరా దానికేసి చూడలేక గిన్నెల కేసి చూసింది. "రానివ్వలేదు," అంది.

నోగా అంతవరకూ కళ్ళనీళ్ళు పెట్టుకుని తనను తానే తిట్టుకుంటోంది. ఒక్కసారిగా ఆ ఏడుపు ఆగిపోయింది.

"'ఆగు' అనడానికి ఎంతసేపు పడుతుందక్కా? మామయ్య భోజనం. అమ్మమ్మ దాక. నా మీద కోపముంటే నన్ను తిట్టొచ్చుగా! నాలుగు తగిలించొచ్చుగా!"

"నిన్నేమని తిట్టను? నువ్వు తప్పేమైనా చేస్తేగా."

"ఇదెక్కడి అన్యాయం! అందుకని చేసేదాకా కాచుక్కూర్చున్నావా?"

కోపంలో నోగా మొహం ఎర్రబడింది. ఆ కోపంలో దాపరికం లేదు, ఉన్నది ఉన్నట్టు బయటికి వచ్చేసింది. తనకు అలా కోప్పడటం కూడా చేతకాదని సిప్పోరాకు తోచింది. అందుక్కూడా కుళ్ళు పుట్టింది.

"చాలు," అంది ఫ్రేహా. "మగవాళ్ళు మందిరం నుంచి ఆకలితో వస్తారు. రొట్టె ఉంది, చేప ఉంది. టమాటాల్లో గుడ్లు కొట్టెయ్యండి. ఇద్దరూ కలిసే చెయ్యండి. నాకు మీ ఇద్దరి మొహాలూ చూడాలని లేదు, నేను దీపాలు సర్దుకుంటా."

ఆమె వెళ్ళిపోయింది. ఇద్దరూ బల్లకు చెరో వైపు నిలబడ్డారు. నోగా ఉల్లిపాయల బుట్ట ముందుకు లాక్కుంది. పొట్టు తీసింది. కత్తి పెట్టబోయి ఆగింది.

"నేను ఏది కోసినా ముందు 'సబ్బాతు గౌరవం కోసం' అంటాను," అంది తల ఎత్తకుండా. "ఇవాళ నా నోరు మంచిగా లేదు. నువ్వు అను."

"నాకు అలవాటు లేదు."

"తెలుసు. అను."

సిప్పోరా గొంతు సవరించుకుంది. "సబ్బాతు గౌరవం కోసం," అంది. మాట పొడిగా, పాత రొట్టెలా వచ్చింది. అందులో ఏమీ దొరకలేదు.

నోగా ఉల్లిపాయ కోసేసి, ఇంకోటి ఆమె ముందుకు తోసింది.

"దీనిక్కూడా."