చెంగమ్మ బొమ్మలో తప్పు

చెంగమ్మ నోటితో ‘బాగుండాది’ అనిపించుకోవడం అంత తేలిక కాదు. పుంగనూరు పక్కనుండే ఆ పల్లెలో ఆమె విందుకు వస్తోందంటే వంటవాడు సాంబారు మళ్ళీ ఒకసారి రుచి చూసుకునేవాడు. సొంత కొడుకు మేడ కట్టి గృహప్రవేశం చేస్తే, ‘మెట్లు ఎత్తుగా పెట్టినావు గదరా’ అని తప్ప ఇంకో ముక్క అనలేదు. అలాంటి మనిషి అరవై దాటాక ఫోనులో వచ్చే ఒక కదిలే బొమ్మల కథకు పడిపోయింది. పడిపోవడమంటే అట్లా ఇట్లా కాదు, దానికోసం మధ్యాహ్నం కునుకు కూడా మానేసింది.

ఆ కథ పేరు ‘గిడ్డమ్మ’. గిడ్డమ్మ ఒక పుంగనూరు పొట్టి ఆవు. మనిషి నడుము దాకా రాని ఈ ఆవులను ఇప్పుడు డబ్బున్నవాళ్ళు బంగళాల్లో సోఫాల పక్కన పెంచుకుంటున్నారు, పట్టుబట్ట కప్పి ఫోటోలు దిగుతున్నారు. చెంగమ్మ కొడుకు గణేష్ చేసే వ్యాపారమూ ఆ ఆవులదే. కథలో గిడ్డమ్మను కూడా ఒక పెద్ద బంగళావాళ్ళు కొనుక్కుపోతారు. అక్కడ ఆమె కళ్ళు మూసుకుని మేత మేస్తూ ఉండిపోతే ఏ గొడవా లేదు. కానీ ఆమె చూసిందల్లా మొహం మీదే అనేస్తుంది.

మనవరాలు రమ్యశ్రీ మదనపల్లెలో డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల మొదటిసారి ఫోను చేతికిచ్చినప్పుడు చెంగమ్మ మూతి తిప్పింది. “పిల్లోళ్ళ బొమ్మలు నాకేల?” అంది. తెరమీద ఒక ఆసామి టేపు పట్టుకుని ఆవును కొలుస్తున్నాడు. ముందూ వెనకా తిరిగి చూసి, “అసలు జాతేనా?” అని అడిగాడు. ఆవు నెమరు ఆపి అతనికేసి చూసింది.

“నాది అసలు జాతే. మీది ఏ జాతప్పా?”

అంతే! తెరమీది గుంపులో ఒకడు కాలి బొటనవేలు చూసుకున్నాడు, ఒకడు తలెత్తి ఫ్యాను చూశాడు, ఇంకొకడు రాని ఫోను ఎత్తి “హలో, హలో” అన్నాడు. చెంగమ్మకు తాగుతున్న కాఫీ ముక్కులోకి ఎక్కింది. ఎక్కదా మరి! ఈ చుట్టుపక్కల ఇల్లు అద్దెకివ్వాలన్నా, పిల్లనివ్వాలన్నా, ఓటెయ్యాలన్నా అందరి నోట్లో నానేది ఆ మాటే. కాకపోతే ‘మీరు మనోళ్ళేనా?’ అని తియ్యగా అడుగుతారు. దాన్ని ఒక ఆవు చేత ఇంత సూటిగా అడిగించాలని ఎవరి బుర్రకు తట్టిందో!

“ఎవురే ఈ పని చేసినోళ్ళు?” అని అడిగింది.

“పేరెయ్యరవ్వా. మదనపల్లెలోనే ఎవురో అంట.”

“ఎవురైనా కానీ, ఆవుల కాడ కూసున్నోళ్ళు. ఈగ వాలితే ముందర తోలు అదురుతాది, ఆ తర్వాతనే తోక లేస్తాది. సూడు, ఎట్ల గీసినారో!”

ఆ రోజు నుంచి ఆమె తప్పు పట్టుకుందామనే ఫోను ముందర కూర్చునేది. దొరికితే కదా! ఎలక్షన్ల భాగంలో రెండు పార్టీలవాళ్ళూ పోటీపడి వచ్చి గిడ్డమ్మకు రెండు రంగుల కండువాలు కప్పారు. ఆమె రెండూ నమిలి మింగేసి, “రెండిట్లోనూ ఉప్పు సాల్లేదప్పా” అంది. చెంగమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. కుప్పంలో చుట్టాల పెళ్ళికి పోతూ ఆ సంగతి బస్సులో పక్క సీటామెకు చెప్పింది, వెనక సీటామెకు చెప్పింది, చివరికి టిక్కెట్టు కొట్టే కండక్టరుకు కూడా చెప్పింది. “మేమూ సూస్తాండాము లేమ్మా, దిగు, దిగు” అన్నాడు ఆయన.

ఆ పెళ్ళిలోనే గణేష్ మొహం మాడింది. ఊరికి సర్పంచి కావాలని వాడి ఆశ. దానికోసం కుప్పంలో పార్టీ పలుకుబడి ఉన్న ఒక గ్రానైటు క్వారీ యజమానికి ఒక దూడను దండ వేసి మరీ కానుకగా ఇచ్చి వచ్చాడు. సరిగ్గా అలాగే గిడ్డమ్మలో ఒక తెల్లచొక్కా ఆయన దండ వేసిన దూడను తోలుకొచ్చాడు. ఆ దూడ గిడ్డమ్మ చెవిలో, “అక్కా, ఈయప్ప నన్ను ఇచ్చేదానికొచ్చినాడా, తన్ను తాను అమ్ముకొనేదానికొచ్చినాడా?” అని అడిగింది. పెళ్ళి పందిట్లో ఎవడో ఆ మాట అరిచాడు. బంతి బంతంతా విరగబడి నవ్వింది. ఆ రోజు గణేష్ వేసుకున్నది కూడా తెల్లచొక్కానే, ఏం చేస్తాడు పాపం! చెంగమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది కానీ, కొంగు వెనక ఆమె కూడా నవ్వింది.

తర్వాతి వారం కొత్త భాగం వచ్చింది. అందులో బంగళావాళ్ళ పెద్దమ్మ ఒకామె వస్తుంది. ఆమె నోరు తెరవగానే రమ్యశ్రీ ఎగిరి కూర్చుంది.

“యాలప్పా ఎండలో నిలబడుకోనుండావు? రా, నీడకు రా. కుర్చీలో కూసో.”

“అవ్వా! ఇది నువ్వే!”

గొంతు చెంగమ్మదే. కొంగు నడుముకు దోపే తీరు ఆమెదే. ఎడమకాలు కొద్దిగా ఈడ్చే నడక కూడా ఆమెదే. చెంగమ్మ మురిసిపోయింది. “కాలు సూడే, కాలు! దాన్ని కూడా వదల్లేదు!” అని మనవరాలి తొడ మీద చరిచింది.

తెరమీద పశువుల డాక్టరూ, ఆయన వెంట సూది వేసే అటెండరూ వచ్చారు. పెద్దమ్మ డాక్టరుకు స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. అటెండరుకు కాగితం కప్పులో పోసి ఇచ్చింది. గిడ్డమ్మ అది చూసింది. మరునాడు తనకు కుడితి పోసే వెండి గిన్నెను కాలితో తన్ని, “నాకూ కాగితం కప్పులోనే పొయ్యండి” అని భీష్మించుకుంది. ఇంట్లో అపచారం, అపచారం అని గోల. ఆవు మైలపడిందని పెద్దలందరూ కూడి, పంచితం, అదే గోమూత్రం, తెచ్చి ఆవు నెత్తిన చల్లారు.

“ఇది యాడిదప్పా?” అంది గిడ్డమ్మ.

“నీదే తల్లీ.”

“నాది నామీదే చల్లి నన్ను శుద్ధి చేస్తారా? అయితే మీకు యాడిది చల్లాల?”

రమ్యశ్రీ చాప మీద పడి దొర్లింది. చెంగమ్మా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయింది. వాళ్ళ వంటింట్లో ఫ్రిజ్జు మీద కాగితం కప్పుల పొట్లం ఎప్పుడూ ఉంటుంది. ఊళ్ళో మిగతా ఇళ్ళలో తక్కువ కులమోళ్ళను మెట్టెక్కనివ్వరు, మా ఇంట్లో కుర్చీ వేస్తాం, నీడలో కూర్చోబెడతాం, శుభ్రమైన కప్పులో పోస్తాం అని ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది. దాంట్లో తప్పు పట్టేవాళ్ళు ఉంటారని ఎన్నడూ అనుకోలేదు. సిగ్గేసింది. కోపమూ వచ్చింది. కానీ ఆ రెంటికన్నా ముందు, ‘ఎట్లా పట్టుకున్నారబ్బా!’ అనే మెచ్చుకోలు వచ్చింది.

“మల్లా ఎయ్యి” అంది రమ్యశ్రీతో.

రెండోసారి చూస్తుండగా గణేష్ రుసరుసలాడుతూ లోపలికి వచ్చాడు. “సూడు, బాగా సూడు. గీసింది ఎవురనుకుంటివి? సూదుల యేసుదాసు కూతురు, ఆ హర్షిత!”

చెంగమ్మకు వెంటనే గుర్తొచ్చింది. పశువుల ఆసుపత్రి అటెండరు యేసుదాసు ఏళ్ళ తరబడి వాళ్ళ ఆవులకు సూదులు వేశాడు. బండి ముందర ఒక చిన్నపాపను కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. వాళ్ళు మదనపల్లెలో మిషన్ చర్చి దగ్గరకు ఇల్లు మారేదాకా ఆ పాప వచ్చేది, అరుగు కింద కూర్చుని ఆవుల కళ్ళలోకి చూస్తూ ఉండేది. అప్పుడు చెంగమ్మ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ పాప మాత్రం ఆమెను బాగానే చూసిందన్నమాట.

గణేష్ అప్పటికే స్టేషనులో చెప్పి వచ్చాడు. “దూడ కత ఎత్తితే అది నేనేనని ఒప్పుకున్నట్ల అవుతాది. నిన్ను ఎగతాళి చేసినారంటే ఊరంతా మన తట్టే ఉంటాది. రేపు ఎస్సై అడుగుతాడు. ఔను, అది నేనే, అబద్ధాలు గీసి నా పరువు తీసినారు అని ఒక్క మాట సెప్పు సాలు. కేసు పడతాది, గిడ్డమ్మ బందు. వాళ్ళ నాయన ఉద్యోగం సంగతి నేను సూసుకుంటా.”

“యేసుదాసు ఏం చేసినాడురా?”

“కన్నాడు గదా!”

చెంగమ్మ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. గిడ్డమ్మ బందయితే తన మధ్యాహ్నాలు ఏం గాను? కన్నకొడుకును పోలీసుల ముందర చులకన చేయడమూ మనసొప్పలేదు. మరుసటి రోజు కారులో పోతూ పోతూ ఒక దారి కనిపెట్టింది. ‘అది నేను కాదు’ అనేస్తే సరి. పాప బయటపడుతుంది, యేసుదాసు ఉద్యోగం నిలుస్తుంది, తన పరువూ నిలుస్తుంది. గణేష్ నాలుగు రోజులు అలుగుతాడు, అలగనీ.

స్టేషనులో హర్షిత బెంచీ మీద కూర్చుని ఉంది, చిక్కిన మొహంతో. యేసుదాసు పక్కన నిలబడి ఉన్నాడు. చెంగమ్మను చూడగానే అలవాటుగా చేతులు కట్టుకున్నాడు. ఎస్సై ఆమెకు కుర్చీ వేయించి, ఫోను ముందర పెట్టి ఆ భాగం నడిపించాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు గోడవైపు తిరిగి నవ్వు ఆపుకుంటున్నారు. ఎస్సై మీసం కూడా కదులుతోంది.

“చెప్పండమ్మా. ఈమె మీరేనా?”

గణేష్ మోచేత్తో పొడిచాడు. చెంగమ్మ ‘కాదు’ అనబోయింది. అప్పుడే తెరమీద పెద్దమ్మ ముందుకు వంగి, కాగితం కప్పును అటెండరు చేతికి అందించి, “సక్కెర సాలునా అప్పా?” అని అడిగింది. ఇంట్లో రెండుసార్లు చూసినా ఆమె కళ్ళు కప్పు మీదే ఉండిపోయాయి, చేతులను చూడలేదు. ఇన్నాళ్ళూ వెతికిన తప్పు ఇక్కడ దొరికింది.

“ఆపండి” అంది చెంగమ్మ. “అది నేనే. కానీ తప్పు గీసినారు.”

“విన్నారా సార్!” అని గణేష్ లేచాడు.

“నువ్వు నోరు మూసుకోని కూసోరా!” అని వాడిని కసిరి, హర్షిత వైపు తిరిగింది. “నేనెప్పుడు మీ నాయన సేతికిచ్చినాను? అరుగు మీద పెట్టి ఎనక్కి జరిగేదాన్ని. ఆయప్ప తీసుకొనేదాకా దూరంగా నిలబడేదాన్ని. సక్కెర సాలునా అని ఒక్కనాడన్నా అడిగిండ్లేదు. ఆవు తోలు అదిరేది కూడా పట్టుకున్నదానివి, ఇదెట్ల తప్పు గీసినావు పాపా?”

గణేష్ తల దించుకున్నాడు. వద్దు, చెప్పొద్దు అన్నట్లు యేసుదాసు కూతురికి కళ్ళతోనే సైగ చేశాడు. ఆ పిల్ల చెప్పేసింది.

“తప్పు గియ్యలేదవ్వా. ముందర మీరు సెప్పినట్లనే గీసినా. నాయన సూసి మార్పించినాడు.”

“యాలప్పా?” అని చెంగమ్మ యేసుదాసును అడిగింది.

ఆయన నేల చూస్తూ అన్నాడు. “అమ్మ సూస్తే నొచ్చుకుంటాదని.”

చెంగమ్మకు తల తీసేసినట్లయింది. తన కాఫీ అరుగు మీద నుంచి ఎత్తుకుని తాగిన మనిషి తన మనసు గురించి ఆలోచించాడు. ఇన్నేళ్ళలో తను ఆయన మనసు గురించి ఒక్కసారి ఆలోచించిందా అంటే, లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

ఎస్సై గొంతు సవరించుకున్నాడు. “ఏమంటారమ్మా? కంప్లయింటు ఉందా, లేదా?”

“ఉండాది” అంది చెంగమ్మ. “ఉండేది ఉండేట్ల గీసి మల్లా ఎయ్యమనండి. నేను సూడాల.”